సీసాలో పోసిన నీళ్లు ఎక్కడికీ పోవు: టెర్రేరియం కట్టడం, కాపాడుకోవడం

కుండీలో నీళ్లు ఎక్కువైతే అడుగు రంధ్రంలోంచి కారిపోతాయి, మిగిలిన తడి గాలికి ఆరిపోతుంది. మూత పెట్టిన గాజు జాడీలో మొక్కలు పెంచే టెర్రేరియానికి ఆ రెండు దారులూ లేవు. పోసిన ప్రతి చుక్కా లోపలే తిరుగుతూ ఉంటుంది. వేళ్లు పీల్చుకుంటాయి, ఆకులు ఆవిరిగా వదులుతాయి, ఆ ఆవిరి గాజు మీద చుక్కలు కట్టి మళ్లీ మట్టిలోకి జారుతుంది. టెర్రేరియం అందమంతా ఈ తిరుగుడులోనే ఉంది. అది పాడైపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం. జాడీ ఎంచుకోవడం, మట్టి కలపడం, మొక్కలు నాటడం, మూత ఎప్పుడు తీయాలో చూసుకోవడం, అన్నిటికీ ఒకటే లెక్క: లోపల నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి.

ఈ లెక్క తప్పడం కొత్తేమీ కాదు. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ బ్యాగ్‌షా వార్డ్ ఒక చిమ్మట ప్యూపాను గమనిద్దామని మూత ఉన్న సీసాలో తడి మట్టి మీద పెట్టాడు. బయట బొగ్గు పొగకు బతకలేకపోయిన ఫెర్న్ ఆ మట్టిలో మొలిచింది, పక్కనే ఓ గడ్డి పోచ కూడా. నీళ్లు పోయకుండానే దాదాపు నాలుగేళ్లు పెరిగాయి. చివరికి మూత తుప్పు పట్టి వాన నీళ్లు లోపలికి దిగడంతో చచ్చిపోయాయి. అంత పేరున్న ఆ సీసాతోట ఎండిపోయి పోలేదు, తడిసిపోయి పోయింది. 1833లో ఆయన చేయించిన గాజు పెట్టెల్లో మొక్కలు ఇంగ్లండు నుంచి సిడ్నీ దాకా నెలల తరబడి ఓడ మీద ప్రయాణించి బతికే దిగాయి. ఆ పెట్టెల్లో జరిగినదే మన జాడీలోనూ జరుగుతుంది.

జాడీ

రంగు లేని గాజు కావాలి. పచ్చ, గోధుమ రంగు సీసాలు చూడ్డానికి బాగుంటాయి గానీ వెలుతురును మింగేస్తాయి. మొదటిసారి కట్టేవాళ్లు చెయ్యి పట్టేంత మూతి ఉన్నదే తీసుకోవాలి. సన్న మూతి సీసాలో ఒక కుళ్లిన ఆకును తీయడానికి అరగంట పడుతుంది, ఆ విసుగులో రెండు మంచి కొమ్మలు విరుగుతాయి. ఇక్కడ కొలతలన్నీ 4 లీటర్ల జాడీకి చెబుతున్నాం: దాదాపు 15 సెం.మీ. వ్యాసం, 23 సెం.మీ. ఎత్తు. ఒక లీటరు కంటే చిన్న సీసాలు మొదటి ప్రయత్నానికి వద్దు. వాటిలో ఒక చెంచా నీళ్లు ఎక్కువైనా తేడా కొడుతుంది.

మూతల్లోనూ తేడా ఉంది. రబ్బరు వాషర్ ఉన్న గాజు మూత ఆవిరిని దాదాపు పూర్తిగా ఆపుతుంది. కార్క్ బిరడా కొద్దికొద్దిగా వదులుతుంది, పైగా అడుగున బూజు పడుతుంది. కార్క్ పెడితే నెలకో రెండు నెలలకో ఒకసారి చెంచాడు నీళ్లు ఇవ్వాల్సి వస్తుందని ముందే అనుకోండి.

జాడీని సబ్బు, వేడినీళ్లతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా తొలిచి, బాగా ఆరబెట్టాలి. తెల్లటి ఉప్పు మరకలుంటే వెనిగర్‌తో తుడిస్తే పోతాయి. మొక్కలు పెట్టాక లోపలి గాజును ఇంత తీరిగ్గా తుడవడం కుదరదు.

అడుగున గులకరాళ్లు ఎందుకు

గులకరాళ్లు వేస్తే మట్టిలో నీళ్లు వడిసిపోతాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మట్టిలోని సన్నని సందులు నీటిని పట్టి ఉంచుకుంటాయి. మట్టి పూర్తిగా నానిపోయి ఇక పట్టలేనప్పుడే కింది రాళ్లలోకి చుక్క దిగుతుంది. అంటే రాళ్లున్నా మట్టి నానే ఉండొచ్చు. మరి వేయడం ఎందుకంటే రెండు ఉపయోగాలున్నాయి. చెయ్యి జారి పోసిన అదనపు నీళ్లు వేళ్లకు దూరంగా నిలుస్తాయి. అంతకంటే ముఖ్యంగా, అడుగున నీళ్లు చేరాయా లేదా అన్నది గాజులోంచి కంటికి కనిపిస్తుంది. రాళ్ల పొర నీటి మీటరు అనుకోండి.

2 సెం.మీ. చాలు. మన జాడీకి సుమారు 350 మి.లీ. రాళ్లు పడతాయి. కాల్చిన మట్టి గుళికలైతే తేలిక, మామూలు గులకరాళ్లయినా ఫర్వాలేదు. అయితే రాళ్లలో సున్నం ఉండకూడదు. ఒక రాయి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి, బుసబుసమని నురగ వస్తే అది సున్నపురాయి. అది మట్టిలో క్షారాన్ని పెంచుతుంది, మాస్‌కూ ఫెర్న్‌లకూ గిట్టదు. గవ్వలు, ఆల్చిప్పలు కూడా ఇదే కోవ. సముద్రపు ఇసుకైతే ఉప్పు. రంగు వేసిన రాళ్లు తడికి రంగు వదులుతాయి.

రాళ్ల మీద దోమతెర మెష్‌ను జాడీ కంటే ఒక సెంటీమీటరు పెద్దగా గుండ్రంగా కత్తిరించి, అంచులు పైకి మడిచి పరవాలి. నైలాన్ లేదా ఫైబర్ మెష్ వాడండి, ఇనుప మెష్ తుప్పు పడుతుంది. మెష్ లేకపోతే కొన్ని నెలల్లో మట్టి రాళ్లలోకి దిగిపోయి, రాళ్ల పొర ఉన్నా లేనట్టే.

ఈ దశలోనే చేసుకోవాల్సిన చిన్న ఏర్పాటు ఒకటుంది. అక్వేరియంలో వాడే సన్నని గొట్టం ముక్కను మెష్‌లోంచి రాళ్ల అడుగుకు తాకేలా గాజు వెంబడి నిలబెట్టి, పై కొస మట్టి పైకి వచ్చేలా ఉంచండి. తర్వాత ఎప్పుడైనా అడుగున నీళ్లు నిలిస్తే, సిరంజి తగిలించి లాగేయొచ్చు. గొట్టాన్ని మొక్కల వెనక దాచేస్తే కనపడదు కూడా. గొట్టం లేని జాడీలో ఆ నీళ్లు తీయాలంటే మొత్తం పెకలించడమే.

మట్టి అనబడే మిశ్రమం

తోటమట్టి వద్దు. అది తడికి ముద్దగట్టుకుపోతుంది, దానితో పాటు పురుగుల గుడ్లు, కలుపు విత్తనాలు వస్తాయి. 5 సెం.మీ. మందానికి సుమారు 900 మి.లీ. మిశ్రమం కావాలి:

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 450 మి.లీ.
పెర్లైట్ (తెల్లటి తేలికపాటి రాతి గుళికలు) 150 మి.లీ.
ఆర్కిడ్‌లకు వాడే బెరడు ముక్కలు లేదా కొబ్బరి చిప్స్ 150 మి.లీ.
నలిపిన కట్టె బొగ్గు 75 మి.లీ.
జల్లించిన పాత వర్మీకంపోస్ట్ 75 మి.లీ.

కోకోపీట్‌లో సహజంగానే ఉప్పులుంటాయి. కుండీలో అయితే నీళ్లతో పాటు అవి కొట్టుకుపోతాయి, జాడీలో పోయే దారి లేదు. అందుకని నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు పిండి కడగాలి. వర్మీకంపోస్ట్‌ను పైన చెప్పిన దానికంటే పెంచకండి. ఎక్కువ పోషకాలు వేస్తే ముందు బూజు, తర్వాత చిన్న ఈగలు, ఆపైన జాడీలో పట్టనంత పెరుగుదల. ఇక్కడ మొక్క నెమ్మదిగా పెరగడమే మనకు కావాలి.

బొగ్గు గురించి అతిగా చెప్పేవాళ్లున్నారు. వాసనల్నీ కొన్ని రసాయనాల్నీ అది పట్టుకునేది కొంతకాలమే, తర్వాత నిండిపోతుంది. అయినా దాని గరుకు ముక్కలు మట్టిలో గాలి సందులు నిలుపుతాయి, బూజు తినే చిట్టి జీవులైన స్ప్రింగ్‌టెయిల్స్‌కు ఇల్లవుతాయి. విడిగా పొర వేయనక్కర్లేదు, కలిపేస్తే చాలు. కబాబ్ కాల్చడానికి అమ్మే, త్వరగా అంటుకోవడానికి రసాయనం పూసిన బొగ్గు మాత్రం అస్సలు వాడొద్దు.

తడి ఎంత ఉండాలన్నది ఇక్కడే తేల్చుకోవాలి. మిశ్రమాన్ని పళ్లెంలో పోసి, నీళ్లు చిలకరిస్తూ కలపండి. గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువ, చెయ్యి తెరవగానే ఉండ విడిపోయి పొడిగా రాలితే తక్కువ. కడిగిన కోకోపీట్ అప్పటికే తడిగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు నీళ్లు కలపాల్సిన పనే ఉండదు, కాసేపు ఆరనివ్వాల్సి వస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పొడి మట్టి వేసి పైనుంచి నీళ్లు పోస్తే పై పొర బురదై, అడుగు పొడిగా ఉండి, ఇంకా పోస్తూ పోతాం. తడి కలిపిన మట్టినే వేయాలి.

నీళ్లు డిస్టిల్డ్‌వో, ఆర్.ఓ.వో, శుభ్రంగా పట్టిన వాన నీళ్లో అయితే మేలు. కఠిన జలం వాడితే నీరు తిరిగి తిరిగి ఉప్పు గాజు మీదా మట్టి మీదా తెల్లగా పేరుకుంటుంది.

ఏ మొక్కలు

మూత జాడీకి తేమను ఇష్టపడి, తక్కువ వెలుతురుకు ఓర్చుకుని, పొట్టిగా ఉండే జాతులే సరిపోతాయి. ఫిట్టోనియా, చిన్నాకు పైలియాలు, పెపెరోమియాలు, చిన్న ఫెర్న్‌లు, సెలాజినెల్లా, చిట్టి ఆకుల ఫైకస్ ప్యూమిలా, వీటితో మొదలుపెట్టొచ్చు. ఫైకస్ అందంగా పాకుతుంది గానీ వదిలేస్తే మిగతావాటిని కమ్మేస్తుంది. సింగోనియం పిల్ల మొక్కగా ముద్దొస్తుంది, ఆరు నెలల్లో మూతను తన్నుతుంది.

ఒక్క మొక్కే ఎంచుకోమంటే ఫిట్టోనియా. దాహమేసిన వెంటనే ఆకులు వాల్చేస్తుంది, నీళ్లందితే కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. ఇంత నిజాయితీగా చెప్పే మొక్క మరొకటి లేదు. అయితే మట్టి తడిగా ఉన్నా ఫిట్టోనియా వాలిపోయిందంటే అది దాహం కాదు, వేళ్లు కుళ్లుతున్నాయి. అప్పుడు నీళ్లు పోస్తే అంతే సంగతులు.

సక్యులెంట్లు, కాక్టస్‌లు మూత జాడీలోకి రావు. ఎన్ని ఫోటోల్లో కనిపించినా రావు. ఎప్పుడూ తేమ నిండిన గాలిలో కొన్ని వారాల్లోనే మొదలు మెత్తబడి కుళ్లుతాయి. వాటికి వెడల్పాటి మూతలేని పాత్ర, సగానికి పైగా పెర్లైట్ లేదా గరుకు ఇసుక ఉన్న మట్టి, బాగా ఎండిన తర్వాతే మొదట్లో నాలుగు చెంచాల నీళ్లు. నిజానికి అడుగున రంధ్రమున్న కుండీయే వాటికి సుఖం.

మాస్ అంటే ఇక్కడ చెరువులో తేలే నాచు కాదు, తడి గోడల మీద పచ్చటి మఖమల్లా పరుచుకునే మొక్క. దానికి నిజమైన వేళ్లు ఉండవు, ఆకులతోనే నీరు తాగుతుంది. కింద మట్టికి గట్టిగా అంటుకునేలా వేలితో నొక్కాలి. గాలి సందు మిగిలితే ఆ మేరకు గోధుమరంగుకు తిరుగుతుంది. బయటినుంచి తెస్తే ఒక్కచోటే మొత్తం గీకకుండా చిన్న చిన్న ముక్కలుగా తీసుకోండి, తిరిగి పెరగడానికి దానికి ఏళ్లు పడుతుంది.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను వెంటనే జాడీలో పెట్టకూడదు. రెండు వారాలు విడిగా ఉంచి ఆకుల అడుగున, కణుపుల దగ్గర పిండినల్లి తెల్లటి దూది మచ్చలున్నాయేమో చూడాలి. మూత వేసిన జాడీలో పిండినల్లికి శత్రువు ఉండదు, మందు కొట్టడానికి మనకు చోటూ ఉండదు. నాటే ముందు గోరువెచ్చటి నీళ్లలో వేళ్లు ముంచి పాత మట్టిని వదిలించండి. అందులో పసుపుపచ్చ గుళికల్లా ఎరువు కనిపిస్తే ఒక్కటి కూడా మిగలకుండా తీసేయండి. పొడవైన వేళ్లను మూడో వంతు దాకా కత్తిరించినా మొక్కకు నష్టం లేదు.

నాటడం

మట్టిని వెనక ఎత్తుగా, ముందు పల్లంగా సర్దితే చిన్న జాడీ కూడా లోతుగా కనిపిస్తుంది. ముందుగా రాళ్లు, కట్టె ముక్క అమర్చండి, ఆ తర్వాతే మొక్కలు. కట్టెను అరగంట ఉడికించి ఆరబెట్టాలి. పచ్చి కొమ్మలు, మెత్తటి చెక్క త్వరగా కుళ్లుతాయి. మన జాడీకి మూడు, మహా అయితే నాలుగు చిన్న మొక్కలు చాలు. నాటిన రోజున సగం ఖాళీగా కనిపించాలి. ఆకులు గాజుకు తగలకుండా వేలెడు దూరం వదలండి, ఎప్పుడూ తడిగా ఉండే గాజుకు అంటిన ఆకు నల్లబడి కుళ్లుతుంది.

పుల్లతో గుంత చేసి, పొడవాటి ట్వీజర్స్‌తో వేళ్లను దించి, పుల్ల కొసకు గుచ్చిన కార్క్‌తో చుట్టూ మట్టి అదమాలి. సన్న మూతి అయితే మట్టి పోయడానికి కాగితం గరాటు. ఆకుల మీద పడ్డ మట్టిని పెయింట్ బ్రష్‌తో దులపండి. చివరికి గాజు మీద మట్టి కడగడానికి, వేళ్లు కుదురుకోవడానికి 30 మి.లీ. మాత్రమే స్ప్రే చేయాలి. మీ స్ప్రే సీసా ఒక నొక్కుకు ఎంత వదులుతుందో ముందే తెలుసుకోండి: కొలగిన్నెలో 20 సార్లు కొట్టి, వచ్చిన నీళ్లను 20తో భాగిస్తే సరి. చాలా సీసాలు ఒక మి.లీ. అటూ ఇటూగా వదులుతాయి.

స్ప్రింగ్‌టెయిల్స్ వేయగలిగితే తప్పక వేయండి. 1, 2 మి.మీ. ఉండే ఈ తెల్లటి జీవులు బూజునూ కుళ్లునూ తింటాయి, బతికున్న మొక్కను ముట్టుకోవు. వీటిని తడి బొగ్గు మీద చిటికెడు ఈస్ట్ వేసి పెంచుతారు. డబ్బాలోని నీళ్లతో సహా జాడీలో ఒంపడం మామూలు పద్ధతే గానీ దాంతో లెక్కలో లేని నీళ్లు చేరతాయి. రెండు బొగ్గు ముక్కల్ని పట్టకారుతో తీసి జాడీలో విదిలిస్తే సరిపోతుంది.

మూతను వెంటనే బిగించకండి. ఒకటి రెండు రోజులు సగం తెరిచి ఉంచి ఆకుల మీది తడి ఆరాకే మూయండి.

గాజు మీది చెమట చదవడం

మూత పెట్టాక మొదటి మూడు వారాలు రోజూ ఒకే వేళకు, మధ్యాహ్నమైతే మంచిది, జాడీని చూడండి. పొద్దున గాజులో మూడో వంతు మేర పలుచగా ఆవిరి పట్టి, మధ్యాహ్నానికి తేటపడితే లెక్క కుదిరింది. రోజంతా లోపల మొక్కలు కనపడనంతగా చుక్కలు కడితే నీళ్లు ఎక్కువ: మూత తీసి నాలుగైదు గంటలు వదలండి, గాజును పొడిబట్టతో తుడిచేయండి, మర్నాడు మళ్లీ చూడండి. తుడిచిన ఆ తడి కూడా బయటికి పోయినట్టే. నాలుగు రోజులు వరసగా ఏ వేళకూ ఆవిరి లేకపోతే, మట్టి రంగు తేలిపోతే, 15 మి.లీ. ఇచ్చి రెండు రోజులు ఆగండి. ఇంకా చాలకపోతే మరో 15.

ఒక హెచ్చరిక. ఆవిరి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ చుక్క కడుతుంది. చలిగాలి తగిలే కిటికీ పక్కనో, ఏసీ గాలికో పెట్టిన జాడీకి ఆ వైపు గాజు మాత్రమే మసకబారుతుంది. అది నీళ్లెక్కువైన గుర్తు కాదు, జాడీని జరపమన్న గుర్తు.

కంటి అంచనా కంటే నమ్మదగ్గది వంటింటి త్రాసు. జాడీ కుదురుకున్నాక మూతతో సహా తూచి ఆ అంకెను అడుగున అంటించండి. మూసిన జాడీలో మొక్క ఎంత పెరిగినా మొత్తం బరువు పెరగదు, ఎందుకంటే అది పెరిగేది లోపలున్న గాలి, నీళ్లు, మట్టితోనే. కాబట్టి తగ్గిన ప్రతి గ్రామూ బయటికి పోయిన ఒక మి.లీ. నీరే. 20 గ్రాములు తగ్గితే 20 మి.లీ. ఇస్తే చాలు, ఊహలతో పని లేదు.

వెలుతురు విషయంలో తప్పు ఒక్కసారి చాలు. నేరుగా ఎండ పడే చోట మూసిన జాడీ పెడితే గంటలోనే ఆకులు ఉడికిపోతాయి. కిటికీకి దగ్గరగా, ఎండ తాకకుండా, చెయ్యి పెడితే అంచులు మెత్తగా ఉన్న నీడ పడే చోటు సరైనది. దీపం వాడితే పగటి వెలుగు లాంటి 6500 కె (కెల్విన్) తెల్లటి ఎల్‌ఈడీ, మూతకు 20, 30 సెం.మీ. పైన, రోజుకు 10 నుంచి 12 గంటలు. వారానికొకసారి జాడీని పావు వంతు తిప్పండి. కణుపుల మధ్య దూరం పెరిగి కాడలు సాగుతుంటే వెలుతురు చాలట్లేదు. గాజుకు పచ్చటి పాచి పడుతుంటే వెలుతురూ తడీ రెండూ ఎక్కువ.

తేడా వచ్చినప్పుడు

మొదటి నెలలో కట్టె మీద తెల్లటి బూజు రావడం మామూలు. దూదితో తుడిచేసి ఒక పూట మూత తీసి ఉంచండి, స్ప్రింగ్‌టెయిల్స్ మిగతాది చూసుకుంటాయి. మొక్క మొదట్లో బూజు వస్తే మాత్రం ఆ మొక్కను వేళ్లతో సహా తీసేయాలి.

మూత తీయగానే వాసన చూడండి. వాన పడిన మట్టి వాసన వస్తే అంతా బాగున్నట్టు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మట్టికి గాలి అందక అడుగు మురుగుతోంది. గొట్టంలోంచి నీళ్లు లాగి, రెండు మూడు రోజులు మూత తీసి ఉంచండి. వారం తర్వాత కూడా వాసన పోకపోతే మట్టి మార్చడమే దారి, ఇంకేం చేసినా కాలయాపన.

నల్లటి చిన్న ఈగలు ఎగురుతుంటే మట్టి పైపొర ఎప్పుడూ తడిగా ఉందని, బహుశా కంపోస్ట్ పచ్చిదని అర్థం. పసుపు జిగట కాగితం ఎదిగిన ఈగల్ని పట్టుకుంటుంది, మట్టిలోని పిల్లపురుగులు మిగిలిపోతాయి. వాటికి దోమ లార్వాలకు వాడే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు పనిచేస్తుంది, నీళ్లలో కలిపి ఇవ్వాలి. ఆ నీళ్లనూ లెక్కలో వేసుకుని, ఆ రోజు మూత తీసి ఉంచండి. పిల్లపురుగులు పెద్దవయ్యే వ్యవధి ఉంటుంది కాబట్టి వారానికొకసారి చొప్పున మూడు వారాలు ఇవ్వాలి.

మాస్ గోధుమరంగుకు తిరిగితే ముందు వేడి, ఆ తర్వాత నీళ్ల ఉప్పు, ఆ తర్వాతే దాహం అనుమానించండి. చాలామంది మొదట నీళ్లే పోస్తారు.

ఇక మామూలు పని తక్కువే. నెలకోసారి మూత తీసి రాలిన ఆకులు ఏరాలి. గాజును తాకే కొమ్మల్ని కణుపుకు కాస్త పైన కత్తిరించాలి. ఎరువు మొదటి ఏడాది వద్దు, తర్వాత కూడా ఆకుల రంగు వెలిసిపోతేనే, డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు పలచనగా, ఏడాదికి ఒకసారి. కత్తిరించిన ఫిట్టోనియా కొసల్ని పారేయకండి. రెండు కణుపులున్న ముక్కను కింది ఆకులు తీసి, ఖాళీగా ఉన్న చోట మట్టిలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లూనుతుంది. బయటికి తీసినవన్నీ బరువులో పోయినట్టే కాబట్టి, మూత పెట్టే ముందు జాడీని మళ్లీ తూచి అడుగునున్న పాత అంకె కొట్టేసి కొత్తది రాయండి.